సాక్ష్యం చెప్పమంటున్నారు, నేనేమో మళ్ళీ తాగుతున్నాను

ప్రశ్న: అమ్మా, వందనాలు. మాది రాజాం దగ్గర ఒక పల్లె. తాపీ మేస్త్రీని, వయసు 34. పెళ్ళికి ముందు నుంచీ తాగేవాణ్ణి. నాలుగేళ్ళ కిందట ప్రభువుని నమ్ముకుని బాప్తిస్మం తీసుకున్నాను. మూడున్నరేళ్ళు చుక్క ముట్టలేదు. బాప్తిస్మం అయిన నెలకే మా పాస్టరు అయ్యగారు, ప్రభువు నన్ను తాగుడు నుంచి ఎలా విడిపించాడో సంఘంలో నా చేత సాక్ష్యం చెప్పించారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ సువార్త కూటాలకి కూడా తీసుకెళ్ళి చెప్పించారు. ఆరు నెలల కిందట ఒక ఇంటికి స్లాబు వేసిన రోజు ఇంటివాళ్ళు పనోళ్ళందరికీ కోడికూర, మందు పెట్టారు. ఒక్క గ్లాసే కదా అని తీసుకున్నాను. ఆ తర్వాత శనివారం కూలి బట్వాడా అవగానే తాగడం మొదలైంది. ఇప్పుడు రోజూ కావాలి. పొద్దున్న తాపీ పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఆదివారం లవంగం నమిలి ఆరాధనకి వెళ్తున్నాను. మా ఆవిడకి తెలీదు. ప్రభువు బల్ల రొట్టె, రసం ఇచ్చే వేళకి ఏదో వంక పెట్టి బయటికి వచ్చేస్తున్నాను. 'కుక్క తన వాంతికి తిరిగినట్టు' అని ఒక ప్రసంగీకుడు చెప్పింది విన్నప్పటి నుంచి నిద్ర లేదు. దేవుడు నన్ను వదిలేశాడా? మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా? వచ్చే నెల కూటాల్లో నా సాక్ష్యం ఉందని కరపత్రం కూడా వేసేశారు. ముందు తాగుడు మానేసి, మనిషినయ్యాక దేవుని దగ్గరికి వెళ్దామనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యకండి.

సమాధానం:

బాబూ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నా మనసు పట్టుకున్నది ఆ చివరి మాటే. 'మనిషినయ్యాక దేవుని దగ్గరికి వెళ్తాను' అన్నావు. తాగుడు కన్నా నాకు ఆ మాటే ఎక్కువ భయం వేసింది. తప్పిపోయిన కుమారుడి కథ నువ్వు వందసార్లు వినుంటావు. పందులు మేపిన ఒంటితో, ఆ కంపుతోనే వచ్చాడు వాడు. తండ్రి దూరం నుంచి చూసి పరుగెత్తుకెళ్ళి మెడ మీద పడి ముద్దు పెట్టుకున్నాడు. ప్రశస్త వస్త్రం తెచ్చి కట్టండన్నాడు. ముందు స్నానం చేసి రమ్మని ఆ కథలో ఎక్కడా లేదు. దారిలో ఏ చెరువు దగ్గరో ఆగి, నాలుగు రోజులు ఒళ్ళు తోముకుని, కాస్త మంచి గుడ్డ సంపాదించుకుని వెళ్దామని ఆ కొడుకు కూర్చుని ఉంటే మళ్ళీ పందుల దగ్గరే తేలేవాడు. బాగుపడ్డాక రావాలనుకోవద్దు. బాగుపడటానికే రావాలి, ఇవాళే రావాలి.

దేవుడు వదిలేశాడా అని అడిగావు. ఆ కుక్క మాట ఎక్కడుందో తెలుసు కదా, పేతురు రెండో పత్రిక రెండో అధ్యాయం చివర. ఆ అధ్యాయం మొదటి నుంచి చదువు. అబద్ధ బోధకుల గురించి, విశ్వాసం పేరు చెప్పి జనాన్ని మోసం చేసి సొమ్ము చేసుకునేవాళ్ళ గురించి రాసింది అది. కుక్క పక్కనే పంది మాట కూడా ఉంది, కడిగాక మళ్ళీ బురదకి పోయే పంది. ఆ పందికి బురదలో హాయిగా నిద్ర పడుతుంది. నీకు పట్టడం లేదు. నీలో దేవుని ఆత్మ పని చెయ్యకపోతే ఆ మాటకి నువ్వు ఉలిక్కిపడేవాడివే కాదు. ఆ ప్రసంగీకుడు పూర్తిగా తప్పు చెప్పాడని నేను అనను. పాపం చిన్న విషయం కాదు, దాంతో ఆటలాడితే అది మన ఇల్లు కూలుస్తుంది. అయితే ఆ మాట ఎవరి పత్రికలో ఉందో కూడా చెప్పి ఉండాల్సింది. ఒకే రాత్రి మూడుసార్లు ప్రభువు గురించి 'ఆయనెవరో నాకు తెలీదు' అన్న పేతురు పత్రికలో ఉంది.

పేతురు పడిన రాత్రే, ప్రభువుని పట్టిచ్చిన యూదా కూడా పడ్డాడు. ఇద్దరూ పశ్చాత్తాపపడినవాళ్ళే. యూదా తన పాపం ఒప్పుకున్నాడు కూడా, ముప్పై వెండి నాణేలూ తిరిగి తీసుకెళ్ళాడు. కానీ ఎవరి దగ్గరికి వెళ్ళాడు? ఆ పని చేయించిన యాజకుల దగ్గరికే. వాళ్ళు 'దానితో మాకేమి? నీవే చూచుకొనుము' అన్నారు. అక్కడి నుంచి ఒంటరిగా వెళ్ళి ఉరి పెట్టుకున్నాడు. పేతురు మాత్రం సిగ్గుతోనే అయినా తోటి శిష్యుల మధ్యనే ఉన్నాడు. ఆదివారం స్త్రీలు సమాధి దగ్గర నుంచి వార్త తెచ్చేసరికి అక్కడే ఉన్నాడు. తర్వాత ఒక తెల్లవారుజామున, రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడని ఆ రోజున, ప్రభువు ఒడ్డున బొగ్గుల నిప్పు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి పిలిచాడు. మన కళింగపట్నం ఒడ్డున తెల్లారి పడవలు వచ్చే వేళ ఎప్పుడైనా నిలబడి ఉంటే ఆ దృశ్యం నీకు తేలిగ్గా కళ్ళకి కడుతుంది. పేతురు బొంకింది కూడా బొగ్గుల మంట పక్కనే, ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో. అలాంటి మంట దగ్గరే కూర్చోబెట్టి ప్రభువు అడిగింది ఒకటే, 'నన్ను ప్రేమించుచున్నావా?' అని. మూడుసార్లు అడిగాడు. ఎందుకు బొంకావని ఒక్కసారి కూడా అడగలేదు. మళ్ళీ బాప్తిస్మం తీసుకోమనీ అనలేదు. నీ రెండో ప్రశ్నకి అదే జవాబు. ఇల్లు వదిలి వెళ్ళినవాడు తిరిగొస్తే భార్య మెడలో మళ్ళీ తాళి కట్టక్కర్లేదు కదా.

బల్ల సంగతి. కొరింథీ పత్రికలో 'తన్ను తాను పరీక్షించుకొనవలెను. ఆలాగుచేసి ఆ రొట్టెను తిని' అని ఉంది. పరీక్షించుకుని లేచి బయటికి పొమ్మని లేదు. నిజం ఒప్పుకున్నాక మీ అయ్యగారు కొన్నాళ్ళు ఆగమంటే ఆగు, అందులో సిగ్గేం లేదు. నీ అంతట నువ్వు దొంగచాటుగా లేచిపోవడం మాత్రం మానెయ్.

ఇప్పుడు ఆ స్లాబు రోజు గ్లాసు గురించి మాట్లాడుకుందాం. ఒక్క గ్లాసే కదా అనుకున్నానన్నావు. ఆ క్షణంలో నీకు ఏం గుర్తొచ్చి ఉంటుందో నేను చెప్పగలను. పని అయిపోయిన సాయంత్రం, చుట్టూ నవ్వులు, ఒళ్ళు నొప్పులు తేలిపోవడం గుర్తొచ్చి ఉంటాయి. పిల్లల బడి డబ్బులు ఎటు పోయాయో, మీ ఆవిడ పుట్టింటికి వెళ్ళి కూర్చున్న రోజులు, గట్టు మీద పడిపోతే ఎవరో మోసుకొచ్చిన రాత్రి, అవేవీ గుర్తొచ్చి ఉండవు. ఇశ్రాయేలీయులకి అచ్చంగా ఇదే జరిగింది. సంఖ్యాకాండం 11వ అధ్యాయం తీసి చూడు. ఎడారిలో దేవుడు ఆకాశం నుంచి కురిపించిన మన్నా తిని విసుగెత్తి ఏడుస్తూ ఏమన్నారు? 'ఐగుప్తులో మేము ఉచితముగా తినిన చేపలును కీరకాయలును దోసకాయలును' గుర్తొస్తున్నాయి అన్నారు. ఉల్లిపాయలూ వెల్లుల్లీ కూడా ఆ లెక్కలో చెప్పారు. ఉచితంగానట! వాళ్ళు అక్కడ బానిసలు బాబూ. చేసిన పని ఏమిటో నీకన్నా బాగా ఎవరికి అర్థమవుతుంది? మట్టి పిసికి ఇటుకలు చెయ్యడం. ఆఖర్లో అక్కడి రాజు ఫరో వాళ్ళకి గడ్డి ఇవ్వడం కూడా మానేశాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం ఒక్కటి తగ్గకూడదు అన్నాడు. లెక్క తగ్గితే దెబ్బలు. కొడుకు పుడితే నైలు నదిలో పారెయ్యమన్న ఆజ్ఞ కూడా ఆ దేశానిదే. ఇంత జరిగాక వాళ్ళకి దోసకాయలు గుర్తున్నాయి, ఇటుకల లెక్క గుర్తు లేదు. పాత పాపం మనల్ని పిలిచేటప్పుడు ఎప్పుడూ దోసకాయల బుట్టే పట్టుకొస్తుంది. అందుకని నీ ఇటుకల లెక్క ఒక కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకో. తాగిన రోజుల్లో ఏమేం పోయాయో, తేదీలు గుర్తుంటే తేదీలతో సహా రాయి. మనసు లాగినప్పుడు వాక్యంతో పాటు ఆ కాగితం కూడా చదువు.

ఒక తప్పు నీది కాదు, మా పెద్దవాళ్ళది. అది కూడా చెప్పకపోతే నేను నిజం దాచినట్టే. స్లాబు పోసిన మర్నాడే నువ్వు సెంట్రింగ్ ఊడదీస్తావా? పైన మడులు కట్టి, నీళ్ళు నిలబెట్టి, రోజుల తరబడి తడుపుతావు. కాంక్రీటు పూర్తి బలానికి రావడానికి 28 రోజులంటారు. అప్పటిదాకా దాని మీద బరువు పడకుండా చూస్తావు. నీకు బాప్తిస్మం ఇచ్చిన నెలకే, ఇంకా పచ్చిగా ఉండగానే, నీ మీద మైకు పెట్టాం. ఊరూరా తిప్పాం. నీ తాగుడు కథకి జనం చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత నువ్వు 'ఇవాళ మనసు లాగుతోంది అయ్యగారూ' అని చెప్పుకోడానికి చోటెక్కడ మిగిలింది? గెలిచినవాడిగా చూపించిన మనిషి ఓడిపోతున్నానని ఎలా చెప్తాడు? పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇప్పటికీ మన సంఘాల్లో పాడుతున్నాం. అంత పెద్ద భక్తుడు, సంఘాలకి బోధకుడు, తాను పాపినని, తనను కాపాడమని తన గురించే రాసుకున్నాడు. ఆ పాటలు పాడుతూనే, మన సాక్ష్యాల్లో పాపం ఎప్పుడూ గతంలోనే ఉండాలని మనం ఒక రివాజు పెట్టుకున్నాం. అది నాకు అస్సలు నచ్చదు.

ఇక దాపరికం. గోడకి పగులొస్తే లోపల ఏమైందో చూడకుండా లప్పం పూసి రంగు వేసేవాణ్ణి నువ్వు మంచి మేస్త్రీ అంటావా? నీ లవంగం ఆ లప్పమే. మీ ఆవిడకి తెలీదనుకుంటున్నావు. ఆవిడకి తెలుసు బాబూ. నీతో ఇన్నేళ్ళు కాపురం చేసినావిడకి ఆ వాసన, ఆ నడక, బట్వాడాలో తగ్గిన డబ్బు తెలియకుండా ఉంటాయా? నువ్వే నోరు విప్పుతావేమోనని చూస్తూ ఉంటుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను తాగుడు ఎరగను కానీ నాకూ ఒక పాత పాపం ఉంది. మా అత్తగారు పోయాక ఆవిడ బంగారం పంపకాల్లో నాకూ మా తోడికోడలికీ మాట మాట పెరిగి, ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. ప్రతి క్రిస్మస్‌కీ ఆరాధనలో కన్నీళ్ళు పెట్టుకుని క్షమించేశాననుకునేదాన్ని. జనవరి వచ్చేసరికి ఆ పగ మళ్ళీ నాలో అలాగే ఉండేది. బొబ్బిలిలో మా సంఘంలో ఒక ముసలావిడ ఉండేది, చదువు రాదు, కూరగాయలు అమ్ముకునేది. ఎందుకో ఒక రోజు ఆవిడ ముందు అంతా కక్కేశాను. ఆవిడ నాకు ప్రసంగం చెప్పలేదు. ఆదివారం ఆదివారం గుమ్మం దగ్గర నన్ను ఆపి, 'ఏవమ్మా, మాటాడినావా?' అని అడిగేది. అంతే. లేదంటే 'సరే, మళ్ళీ ఆదోరం అడుగుతాన్లే' అని పోయేది. తొమ్మిది ఆదివారాలు అడిగింది. పదో ఆదివారం ఆవిడకి మళ్ళీ లేదని చెప్పలేక శనివారం రాత్రి మా తోడికోడలి ఇంటి తలుపు కొట్టాను. ఆరేళ్ళ నా ఒంటరి ప్రార్థనల్ని దేవుడు ఆ ఒక్క ముసలావిడ ప్రశ్నతో తీర్చాడని నా నమ్మకం. యాకోబు పత్రికలో 'మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి' అని ఉంది చూడు, దాని అర్థం నాకు ఆ గుమ్మం దగ్గరే తెలిసింది. మందు మానలేక మానలేక మానిన ఇద్దరు మనుషులు, ఒక వ్యాపారి, ఒక డాక్టరు, 1935లో అమెరికాలో ఒకరి దగ్గర ఒకరు ఇలాగే నోరు విప్పారు. అందులోంచే, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది.

నీకూ అలాంటి మనిషి ఒకరు కావాలి. వయసులో పెద్ద, నోరు జారని మగమనిషి. మీ సంఘంలో లేకపోతే పక్క ఊరి సంఘంలో వెతుకు. వారానికోసారి నిన్ను ఒకే ఒక్క ప్రశ్న అడగమను.

చెయ్యి వణకడం గురించి ఇప్పుడు, ఇది చాలా ముఖ్యం. అది నీ విశ్వాసం తక్కువై రాలేదు. ఒంటికి మందు అలవాటైపోయి, అందని పొద్దున్న అలా అడుగుతోంది. ఇలాంటప్పుడు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లోనే కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. ప్రాణం కూడా పోవచ్చు. అందుకని ఎవరైనా మూడు రోజుల ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి మాన్పిస్తామంటే ఇప్పుడు ఒప్పుకోవద్దు. ముందు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలువు. వణుకు తగ్గడానికి మందులు, బి1 విటమిన్ ఇస్తారు, అవసరమైతే కొన్ని రోజులు చేర్చుకుంటారు. వెళ్ళడానికి బెరుగ్గా ఉంటే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అని, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన ఫోను, డబ్బులుండవు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఆవిడతో కూడా ఒక మాట చెప్పు. తాగుడు మాన్పించే పొడి అని ఎవరో ఇచ్చింది నీకు తెలియకుండా కూరలో కలపొద్దని. ఆ మందు ఒంట్లో ఉండగా తాగితే గుండె మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళడం దేవుణ్ణి నమ్మకపోవడం కాదు. లూకా సువార్త రాసిన లూకానే పౌలు 'ప్రియమైన వైద్యుడు' అని పిలిచాడు.

మానాక ఏం చెయ్యాలో కూడా ఇప్పుడే ఆలోచించుకో. ప్రభువు చెప్పిన ఖాళీ ఇంటి ఉపమానం గుర్తుందా? దయ్యం వదిలిపోయింది, ఇల్లు ఊడ్చి అమర్చి ఉంది, లోపల ఎవరూ లేరు. అది తనకన్నా చెడ్డవాటిని ఇంకో ఏడింటిని వెంటబెట్టుకొచ్చింది. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉన్నవాళ్ళు మన ఊళ్ళలో ఇళ్ళు కట్టించి, గృహప్రవేశం చేసి, తాళం వేసి పోతుంటారు. రెండేళ్ళయ్యాక వెళ్ళి చూస్తే అందులో ఏముంటాయో నీకు తెలుసు. 1995లో రాష్ట్రమంతా మద్యనిషేధం పెట్టినప్పుడు మా వీధిలో ఆడవాళ్ళం దేవుడికి స్తోత్రాలు చెప్పాం. కానీ కొట్టు మూసినా దాహం మూతపడలేదు. నాటుసారా వచ్చింది. 1997లో నిషేధమూ పోయింది. నువ్వు మూడున్నరేళ్ళు మానగలిగావు, అది చిన్న సంగతి కాదు. కానీ తాగే రోజుల్లో శనివారం సాయంత్రం నీకు నలుగురు స్నేహితులుండేవారు. మానాక ఆ సాయంత్రం ఎవరున్నారు? సంఘం నీకు మైకు ఇచ్చింది, శనివారం సాయంత్రం తోడు ఇవ్వలేదు. ఆ తోడు నువ్వు నోరు తెరిచి అడుగు. మీ యవ్వనస్తుల్లో ఇద్దరినైనా శనివారం మీ ఇంటికి రమ్మను, ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి, మీ ఆవిడ వండింది తిని పొమ్మను.

స్లాబు పని ఒప్పుకునే రోజే ఇంటివాళ్ళతో చెప్పేయి, 'మా పనోళ్ళకి భోజనం పెట్టండి చాలు, మందు పెడితే నేను రాను' అని. మేస్త్రీవి నువ్వు, ఆ మాట అనే హక్కు నీకుంది. నీ కింద పనిచేసే కుర్రాళ్ళ ఇళ్ళలో కూడా ఆడవాళ్ళు నీకు దణ్ణం పెడతారు.

మరి కూటాలు. కరపత్రం వేసేశారు కాబట్టి వెళ్ళి పాత సాక్ష్యమే చెప్పేస్తే ఏం పోతుందని సాతాను నీ చెవిలో ఊదుతూ ఉంటాడు. ఆ వేదిక ఎక్కొద్దు. తాగి వచ్చి ప్రభువు నన్ను విడిపించాడని చెప్పడం తాగడం కన్నా పెద్ద పాపం. కరపత్రం ఒక కాగితం ముక్క, పోతే పోయింది. కూటాల దాకా ఆగకుండా ఈ వారంలోనే అయ్యగారింటికి వెళ్ళి, 'నా పేరు తీసేయండి, నేను పడిపోయాను' అని చెప్పు. ఆయన కోప్పడొచ్చు. పరువు పోయిందని బాధపడొచ్చు కూడా. ఆయన కూడా మనిషే, ఒక్క రోజు టైమివ్వు. మైకులో అందరి ముందూ ఒప్పుకోమంటే మాత్రం ఇప్పుడే వద్దని గౌరవంగా చెప్పు. మళ్ళీ పచ్చి స్లాబు మీద బరువు పెట్టొద్దని ఈ అమ్మ చెప్పిందని చెప్పు.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి గురువారమో శుక్రవారమో అవుతుంది. ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మీ ఆవిడ పక్కన కూర్చో. లవంగం నమలకుండా కూర్చో. 'ఆరు నెలల నుంచి తాగుతున్నాను' అని అక్కడి నుంచి మొదలుపెట్టు. ఏడిస్తే ఏడవనీ, తిడితే తిట్టనీ. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి ఆసుపత్రికి బస్సెక్కండి. శనివారం బట్వాడా తీసుకోడానికి ఆవిడనే పంపించు. సోమవారం నాకు ఒక్క ముక్క రాయి. రాసినా రాయకపోయినా నేను మళ్ళీ అడుగుతాను, చెప్పావా అని.